సా పక్కన పా

మా మేనత్త పోయింది. పెద్దకర్మ ముగియకముందే ఆమె మీద ఆరోపణ మొదలైంది: బతుకంతా లండన్‌లో ఎవరి పిల్లలకో ఎవరి వాద్యమో నేర్పిందట, మన పిల్లలకు ఏమీ మిగల్చలేదట. ఆ మాట మొదట అన్నది ఆమె సొంత తమ్ముడు, మా చిన్నాన్న. కాలేజీ చర్చావేదికల మీద బలహీనమైన వాదాలను చాలా ఎదుర్కొన్నాను. ఇంత బలహీనమైనదాన్ని చూడలేదు. జవాబు చెబుతాను.

ఆమె అక్కడ నర్సు. ఉన్న వీధి నిండా కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చిన కుటుంబాలు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే కింది హాలులో ఒకటే మోత.

"తిట్టనీకె పోయిన బిడ్డా. ఆ ముసలాయన మాట్లాడకుండ నా చేతుల కట్టెలు పెట్టిండు. గంతే, ఆడనే నిలబడిపోయిన," అనేది.

ట్రినిడాడ్ నుంచి వచ్చిన ఆ పెద్దాయన పిల్లలకు స్టీల్‌పాన్ నేర్పేవాడు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక ఆ పిల్లలు ఆమె పిల్లలయ్యారు.

స్టీల్‌పాన్ అంటే నూనె పీపా. దాని అడుగును సుత్తితో గిన్నెలా లోపలికి దించి, స్వరానికొక గడి తీరుస్తారు. దొరల పాలనలో డప్పులు మోగకూడదని ఆంక్షలు పెడితే, ఆ దీవుల పేదలు చివరికి పారేసిన ఇనుములో సంగీతాన్ని కనిపెట్టారు. లండన్‌లో పుట్టిన వాళ్ల మనవలకు అది నామోషీ అయింది. పెద్దాయన తన చేతిలో పెట్టినదాన్ని అత్త ఆ మనవల చేతికే జాగ్రత్తగా చేర్చింది. ఇది ఎవరి పని కాదంటారు?

ఉద్యోగం ముగిశాక ఒక పాన్‌తో మా ఊరు బీదర్ తిరిగొచ్చింది. గాంధీ గంజ్ ధాన్యపు బజారులో మా పప్పుల దుకాణం మీది గదిలో దాన్ని నిలబెట్టింది. హార్మోనియం వచ్చునన్న అహంకారంతో నేను సా పక్క గడిని రీ అనుకుని మోగించాను. పా పలికింది. ఆమె పగలబడి నవ్వింది.

"దీంట్ల వరసకు పక్కోళ్లుండరు బిడ్డా. ఎవరితోని ఎవరు మంచిగ పలుకుతరో వాళ్లే పక్కపక్కన ఉంటరు."

పిల్లల్ని పంపమని గంజ్‌లో ఇంటింటికీ చెప్పింది. డబ్బాల మోత అని ఎవరూ పంపలేదు.

లండన్ పిల్లలకు మాత్రం ప్రతి శనివారం ఫోన్‌లో వీడియో పాఠం నడిచేది. ఆమె కట్టెతో పాన్ అంచు మీద తట్టి తాళం లెక్క ఇస్తే వాళ్లు అందుకునేవారు. ఆమె పోయాక వచ్చిన శనివారం ఫోన్ నేనెత్తాను. వార్త వాళ్లకు తెలుసు. అయినా అందరూ కట్టెలు పైకెత్తి నిలబడి ఉన్నారు. పెద్దాయన మనవరాలు ఇటే చూస్తోంది. ఆ తట్టు కోసమని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది.

తట్టాను. ఆ చిన్న ఫోన్‌లోంచి పొంగిన నాదానికి, కింద బస్తాలు దించుతున్న హమాలీలు మెట్ల దాకా వచ్చి ఆగిపోయారు. మాటలే ఆయుధమనుకునే నాకు ఇప్పటికీ దానికి తగిన మాట దొరకలేదు.

చిన్నాన్న కూడా విన్నాడు. మర్నాడు, "ఆ డబ్బను పాత ఇనుపోనికేసి గదిల కందిబస్తాలు పెడ్తం," అన్నాడు.

చిన్నాన్నా, దాన్ని తక్కెడ ఎక్కించకు. గంజ్ పెద్దలారా, మీ పిల్లలకు ఏమీ మిగల్చలేదన్న బాధ నిజమే అయితే, వచ్చే శనివారం సాయంత్రం వాళ్లను ఆ మెట్లెక్కించండి. ఫోన్‌లో అటువైపు పిల్లలు కట్టెలు పైకెత్తి ఎదురుచూస్తూ ఉంటారు. సా నేను పలికిస్తాను. పక్కన పా పలికించడానికి ఒక బిడ్డను పంపండి.