కొరియా క్యాసెట్టు, మా గూడెం డోలు

ఎనభైల్లో మా బావ మణుగూరులో వెల్డింగు నేర్చుకుని గల్ఫ్ వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు అందరూ బంగారం తెస్తే ఆయన టేప్‌రికార్డరూ ఒక క్యాసెట్టూ తెచ్చాడు. అక్క చాలా రోజులు ముఖం మాడ్చుకుని తిరిగింది. అక్కడ ఆయన మేస్త్రీ కొరియావాడట. ఆ మేస్త్రీ తమ్ముడు తమ దేశపు పాత వాయిద్యాలకు కరెంటు కీబోర్డు కలిపి రికార్డు చేసిన క్యాసెట్టు అది. ఒళ్లో పెట్టుకుని మీటే పొడవాటి తీగల వాయిద్యం ఒకటి, నడుము సన్నటి డోలు ఒకటి. వాటి కింద కీబోర్డు మీద అవే నాలుగు స్వరాలు మారకుండా, ఆగకుండా తిరుగుతుంటాయి. విన్నవాళ్లంతా టేపు ఇరుక్కుపోయిందన్నారు. నాకు మాత్రం పిచ్చి పట్టింది.

మా నాన్న గూడానికంతటికీ డోలు కొట్టేవాడు. పెళ్లికైనా పండగకైనా ఆడేవాళ్ల అడుగును బట్టి దెబ్బ మారుస్తూ పోవాలి. మారని దెబ్బ ఒక్క చావుకే. అది వినగానే చేలల్లో ఉన్నవాళ్లు పని వదిలేసి రావాలి. ఇది నాకు తెలియక కాదు. పక్కన టేపు మోగుతుంటే చావనుకునేదెవరులే అని ఒక మధ్యాహ్నం బావా నేనూ వాకిట్లో కూర్చున్నాం. కొరియా డోలుతో కలిపి మా డోలు మీద ఒకే దెబ్బ కొడుతూ పోయాను. ఎంత బాగా కలిసిందో చెప్పలేను. టేపు చప్పుడు వాకిలి దాటదనీ, డోలు చప్పుడు మిరప చేను దాకా పోతుందనీ ఇద్దరికీ తట్టలేదు.

అప్పటికి మా తమ్ముడు మలేరియాతో భద్రాచలం దవాఖానాలో ఉన్నాడు. అక్క తోడుంది. చేలో ఉన్న అమ్మ ఆ దెబ్బ విని, కబురు వచ్చిందనుకుంది. గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చి గుంజకేసి తల కొట్టుకుంది. నుదురు చిట్లి ముఖమంతా రక్తం.

"నా కొడుకు ఉన్నడా, పోయిండా? ఒక్కటే చెప్పు" అంది.

"ఉన్నడమ్మా. ఇది ఉత్తగ కొట్టిన" అన్నాను.

వెనకే వచ్చిన నాన్న ఆ మాట విన్నాడు. ఎద్దులు తోలే ముల్లుగర్రతో నా మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. అడ్డం వచ్చిన బావ పళ్లు రాలాయి. అప్పటికీ కోపం చల్లారక గొడ్డలి తెచ్చి, మా తాత తొలిచిన డోలును ముక్కలు ముక్కలుగా నరికాడు. గొడ్డలి టేప్‌రికార్డరు వైపు తిరిగేసరికి బావ దాన్ని పొట్ట కిందికి లాక్కుని బోర్లా పడుకున్నాడు. నాన్న గొడ్డలి పారేసి కర్రతో ఆయన వీపు చీరేశాడు.

తమ్ముడు ఆ వారమే పోయాడు. నా దెబ్బే వాణ్ని పిలిచిందని గూడెమంతా అంది. దోమ కుట్టి పోయినవాణ్ని డోలు పిలుస్తుందా? నాకు ఒళ్లు మండిపోయింది. శవాన్ని జీపులో తెచ్చి వాకిట్లో దించారు. మాలో దెబ్బ లేకుండా పాడె ఎత్తకూడదు. పక్క గూడెం డోలు చావుకు తేకూడదు. మోసేవాళ్లు నాన్న వైపు చూస్తూ నిలబడ్డారు. ఆయన తలెత్తలేదు. చివరికి అమ్మే, నుదుటి కట్టుతో, బావ దగ్గరికి వెళ్లింది.

"ఆ డబ్బ పెట్టు. నా కొడుకును లేపాలె."

బావ పెట్టాడు. దేశం కాని దేశపు డోలు మోగుతుంటే తమ్ముణ్ని ఎత్తారు. గూడెంలో ప్రతి చావుకూ కొట్టినవాడు సొంత కొడుకు వెనక ఉత్త చేతులతో నడిచాడు. అందరూ ఆయన్ని చూసి ఏడ్చారు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగదు.