నాలుగు మూలల మీద గుమ్మటం

ఆ వాస్తుశిల్ప కళాశాలలో నమూనాల గది ఆవిడ రాజ్యం. గ్రంథాలయం పుస్తకాలకు అట్టలు వేయడానికి రెండు నెలల పనికని వచ్చి, ఇరవై రెండేళ్ళు ఉండిపోయింది. చరిత్ర పాఠంలో వచ్చే కట్టడాలన్నీ అట్టతో, చెక్కతో చేసిపెట్టేది. పిల్లలకు ఆవిడ అట్టలత్తయ్య.

బౌద్ధ స్తూపం చేసేటప్పుడు, చరిత్ర చెప్పే మేడమ్‌తో పేచీ పెట్టుకుంది.

"లోపలికెళ్ళే దారే లేకపోతే ఇదేం కట్టడమమ్మా?"

"చుట్టూ తిరగడానికే అత్తయ్యా. లోపలంతా నిండుగా ఉంటుంది."

"అయితే నాకు సగం పని తప్పింది" అని సంబరపడింది.

గుడి శిఖరానికి చెక్కముక్కలను ఒక్కో వరుసా కాస్త లోపలికి జరుపుతూ పేర్చింది. అదీ లొంగింది. మసీదు గుమ్మటమే మూడు చెరువుల నీళ్ళు తాగించింది. కింద గది నలుచదరం, పైన గుమ్మటం గుండ్రం. మూలల్లో మిగిలే సందుల సంగతి పుస్తకంలోని బొమ్మలో సరిగా కనపడలేదు. నాలుగు అట్టముక్కలు అడ్డం పెట్టి, జిగురు దట్టంగా పూసి, చేతులు దులుపుకుంది.

ఒక ఏడాది పిల్లలు పట్టుబట్టి ఆవిడను కూడా విహారయాత్ర బస్సెక్కించారు. పాత మసీదులోకి వెళ్ళగానే అందరూ నగిషీలు చూస్తుంటే, ఆవిడ ఒక మూలకు పోయి తలెత్తింది. అట్టముక్క ఉండాల్సిన చోట చిన్న కమాను. నాలుగు మూలల్లో నాలుగు. నాలుగు పలకల గది పైకి వెళ్ళేసరికి ఎనిమిది పలకలైంది, దాని మీద గుమ్మటం కుదురుగా కూర్చుంది. ఆవిడా నేల మీద చతికిలబడింది.

"ఇన్నేళ్ళూ పిల్లలకి తప్పు చూపించానమ్మా."

"రోజూ చూస్తూ నేను మాత్రం ఏం చేశాను? ఆ మూలలు ఎవరు పట్టించుకున్నారు, లేవండి" అంది మేడమ్.

లేవలేదు. ఒడిలో కాగితం పెట్టుకుని ఆ కమాను గీసుకునే దాకా బస్సు ఆగాల్సి వచ్చింది.

తిరిగొచ్చాక పాత నమూనా విప్పేసి, వారం రోజులు కమానులతో కుస్తీ పట్టింది. ఈసారి గుమ్మటం జిగురు చుక్క లేకుండా నిలిచింది.

ఆ ఏడాది పరీక్షలో మేడమ్ ఆ మూల గురించే అడిగింది. శాస్త్రంలో దానికో పేరుంది. సగం మంది పిల్లలు మాత్రం 'అత్తయ్య కమాను' అని రాశారు.

"మార్కులు కోసేశారా?" అని ఆవిడ గాభరాగా అడిగింది.

"బొమ్మ సరిగ్గా వేశారుగా, ఎలా కోస్తాను?" అంది మేడమ్.