నల్ల పెట్టె, తెల్ల పెట్టె

ఆ రోజుల్లో మా ఉదయగిరిలో కువైట్ వెళ్లినవాళ్లకు ఉత్తరాలు రాసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు, క్యాసెట్టు పంపడమే. ఇల్లంతా టేప్‌రికార్డర్ చుట్టూ చేరి, ఎర్ర మీట నొక్కి, మనిషి ఎదురుగా ఉన్నట్టే మాట్లాడేవాళ్లం. (మా దాదీ, అంటే నాన్నమ్మ, మాట్లాడే ముందు కొంగు తలమీదికి సర్దుకునేది. క్యాసెట్టుకేం కనపడుతుంది దాదీ అంటే కసిరేది.)

అక్కడ పనిచేసే మా చిన్నాన్న, చాచా, ఒకసారి తన క్యాసెట్టుతోపాటు రంగుల బొమ్మలున్న కాగితం పంపాడు. టీవీకి తగిలించుకుని ఆడే ఆటల పెట్టెలట, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. "సెలవుకొచ్చేటప్పుడు ఒకటి తెస్తా. ఏది కావాల్నో ఇద్దరూ ఒక్క మాట మీద చెప్పండి" అన్నాడు. ఇద్దరంటే నేనూ, మా ఆపా. అక్కాతమ్ముళ్లమే గానీ ఒక్క మాట మీద ఉన్నదెప్పుడు! నల్లదానికి పట్టుకు తిప్పే కడ్డీ ఉంది, అచ్చం మా అబ్బా లారీ గేరు రాడ్డు మాదిరి. లారీ డ్రైవరు కొడుకుని, ఇంకోటి ఎలా అడుగుతాను? తెల్లదాని ఎర్ర బొత్తాల మీద ఆపా మనసు పారేసుకుంది. ఊళ్లో ఆ రెంటినీ కళ్లతో చూసినవాడు లేడు, అయినా వీధి వీధంతా రెండుగా చీలింది. "తెల్లదైతే మాసిపోతాది" అని పక్కింటి టైలరు నావైపు తీర్పిచ్చాడు.

ఆత్మకూరులో ఒకాయన కువైట్ బయలుదేరుతున్నాడని తెలిసి, అబ్బా క్యాసెట్టు కోసం గుమ్మం ముందు లారీ హారన్ కొడుతున్నాడు. దాదీ తన మాటలు అప్పటికే చెప్పేసి లోపలికి వెళ్లింది. నేను మీట నొక్కి "చాచా, నల్ల..." అన్నానో లేదో ఆపా నా నోరు మూసింది. అది "తెల్ల..." అనగానే నేను జడ లాగాను.

"వదలరా జడ!"

"నువ్వు చెయ్యి తియ్యి ముందు!"

నేను టేపు వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాను. అది ఇంకాస్త వెనక్కి తిప్పింది. అలా తిప్పీ తిప్పీ దాదీ మాటలన్నీ తుడిచిపెట్టేశాం. దాదీ పరుగున వచ్చి, "నా బిడ్డకు చెప్పుకున్నదంతా ఉండాదా, పొయ్యిందా?" అని చీపురు అందుకుంది. ఎర్ర మీట ఇంకా కిందికే ఉంది. అబ్బా వచ్చి, ఏమీ వినకుండా క్యాసెట్టు లాక్కుని వెళ్లిపోయాడు.

సెలవుకొచ్చిన చాచా పెట్టె విప్పాడు. సబ్బులున్నాయి, సెంట్లున్నాయి, ఆటల పెట్టె లేదు. ఏడుపొక్కటే తక్కువ నాకు.

"ఏది కావాల్నో తేలిస్తే గదరా తెచ్చేది!" అని నవ్వి, చాచా జేబులోంచి మా క్యాసెట్టే తీశాడు. "పని నుంచి రాంగానే రూములో అందరూ ఇదే పెట్టమంటారు. అమ్మీ చీపురు దెబ్బలకాడ చప్పట్లు కొడతారు. ఇంట్లో ఉన్నట్టే ఉంటాది."

"నేను చెప్పుకున్నది వినలేదుగా" అంది దాదీ, ఇంకా అలక తీరక.

"నీ తిట్లు విన్నాను గదా అమ్మీ, చాలు" అన్నాడు చాచా. తర్వాత మా చేతుల్లో ఖాళీ క్యాసెట్లు పెట్టి, "ఈసారి ఇంకా గట్టిగా కొట్లాడండి" అన్నాడు. అవన్నీ నింపాం. ఏ పెట్టో మాత్రం తేలనే లేదు, రానూ లేదు.

మొన్న ఆపా ఫోన్ చేసి, మనవడికి ఆటల పెట్టె కొనాలి, రెండు రకాలున్నాయి, ఏది మంచిదిరా అని అడిగింది. పెద్దరికంగా ఏదైనా ఒకటేలే అనబోయి, "నల్లదే" అన్నాను.

"నీకేం తెలుసురా, తెల్లదే!" అని అరిచింది.

ఫోన్ పెట్టేశాక నాలో నేనే నవ్వుకున్నాను. చాచా ఉండి ఉంటే, ఇదీ పంపించేవాళ్లం.