అత్తగారి పేరు పెట్టుకున్న పిల్ల

1976 జూన్‌లో నన్ను పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, చెవి ముక్కు గొంతు విభాగంలో స్పీచ్ థెరపిస్టుగా వేశారు. మాది తెనాలి వైపు. ఆసుపత్రిలో నా హోదా నర్సుకూ డాక్టరుకూ మధ్య ఎక్కడో వేలాడుతుండేది. పిల్లకు వినబడుతోందా, మాట ఎందుకు రాలేదు అని పరీక్షించి, కనిపించింది రాసి పై డాక్టరుకు పంపడం వరకే నా పని. జబ్బుకు పేరు పెట్టే అధికారం నాకు లేదు.

ఆ చలికాలంలో ఉప్పుగూడ నుంచి యాదమ్మ వచ్చింది. భర్త రైల్వేలో ఖలాసీ. మూడేళ్లు నిండినా కూతురు నర్సమ్మకు ఒక్క మాటా రాలేదు. చెవుడేమోనని ఆమె భయం. అంత చిన్నవాళ్లకు వినికిడి పరీక్షించే యంత్రం పనికిరాదు. వెనక నిలబడి గంట, డప్పు, గిలక్కాయ మోగించి తల తిప్పుతారా అని చూస్తాం. ఆ పిల్ల డప్పుకు తిరగలేదు గానీ, బిస్కట్ పొట్లం కాగితం కాస్త నలిపితే చటుక్కున తిరిగింది. పొట్లం బీరువాలో పెట్టేశాను. పిల్ల నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి, నా చేతిని బీరువా పిడి మీద పెట్టింది. పొయ్యి దగ్గర పట్టకారును వాడినట్టు వాడింది. నా ముఖం వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు. చెవులు బాగున్నాయనీ, మనుషుల ఉనికే పట్టడం లేదనీ, మానసిక వైద్యుడికి చూపించాలనీ రాశాను.

నా కాగితం ముందు పిల్లల డాక్టరుగారి దగ్గరకు వెళ్లింది. ఆయన మంచివారే, తీరికే లేదు. పేరు పిలిస్తే చూస్తుందా అని అడిగారు. యాదమ్మ తల దించుకుంది.

"పేరు పెట్టి పిలువం సారూ. మా అత్త పేరు పెట్టినం. అత్త పేరు నేనెట్ల తీస్త? బిడ్డా అంట, గంతే. తల్లి పేరని మా ఆయన గూడ పిలువడు."

డాక్టరుగారు పడీ పడీ నవ్వారు. ఎన్నడూ వినని పేరుకు ఎలా పలుకుతుందమ్మా, పిలవడం మొదలుపెట్టండి, మాటలు అవే వస్తాయి అన్నారు. బీరువా సంగతి చెప్పాను. తెలివైన పిల్ల అని మెచ్చుకుని నా సిఫారసు కొట్టేశారు. ఆ ఇంటి ఆచారం ఆయన చేతిలో తేలికైన జవాబు పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

యాదమ్మ ఇంట్లో పెద్ద లొల్లి అయింది. చివరికి పిల్ల పేరు సుజాత అని మార్చారు. నా పేరే పాడు పేరయిందా అని అత్త అలిగి, మాదన్నపేటలో పెద్దకొడుకు ఇంటికి వెళ్లిపోయింది. ఆ పైన అందరూ ఎదురుచూపులే. "కొత్త పేరు గదా మేడం, అలవాటు కావాలె," అని యాదమ్మే నాకు సర్దిచెప్పేది. తండ్రికీ ఆలస్యంగానే మాటలొచ్చాయని చుట్టాలన్నారు. ఆడపిల్ల కదా, నెమ్మదస్తురాలని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. మగపిల్లాడై నాలుగు సామాన్లు పగలగొట్టి ఉంటే ఎవరైనా త్వరగా కంగారుపడేవారేమో. బడివాళ్లు చేర్చుకోలేమని తిప్పి పంపేసరికి పిల్లకు ఏడేళ్లు దాటాయి.

అప్పటికి మా ఆసుపత్రికి వారానికోసారి ఒక మానసిక వైద్యుడు వస్తున్నారు. నేనే దగ్గరుండి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఆటిజం అన్నారు. మా ఆసుపత్రిలో ఆ మాట వినడం అదే మొదలు. నా ప్రాణం లేచొచ్చింది. కనీసం ఇక నేర్పే దారేదో వెతుక్కోవచ్చు అనుకున్నాను.

ఆ తరువాత ఆయన పిల్ల తల్లిని ప్రశ్నించారు. పేరు పిలవని సంగతి యాదమ్మ దాచకుండా చెప్పింది. ఆయన తల ఊపారు. తల్లి మనసులో వెచ్చదనం లేక, బిడ్డను దగ్గరకు తీయకపోవడం వల్లే పిల్ల ఇలా అవుతుందని అప్పట్లో కొన్ని పుస్తకాలు చెప్పేవి. ఆయన చదువుకున్నవి అవే. ఆ మాటే ఆమె ముందు తెలుగులో విడమరిచి చెప్పారు. ఈమె బిడ్డను దించకుండా ఎత్తుకు తిరగడం నేను చూశానని అడ్డుపడ్డాను. మీరు చెవుల సంగతి చూడండి అన్నారు.

వరండాలో యాదమ్మ నన్ను ఆపింది. "నేను పేరు పిలువకనే గిట్లయిందా మేడం?"

కాదని ఒట్టేసి చెప్పాను. "గంత పెద్ద డాక్టర్ చెప్పిండు గదా," అంది.

తరువాత నేల మీద కూర్చుని, పిల్ల రెండు భుజాలూ పట్టుకుంది. "నర్సమ్మా," అని పిలిచింది. మొగుడి ఎదుట కూడా ఎన్నడూ పలకని పేరు. "ఓ నర్సమ్మా, నర్సమ్మా," అని గొంతు పగిలేలా పిలిచింది. వరండాలో అందరూ తిరిగి చూశారు. పిల్ల పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తూనే ఉంది.

మళ్లీ వాళ్లు రాలేదు. ఉప్పుగూడ వెళ్లి వాకబు చేస్తే, భర్తకు బదిలీ అయి ఎటో వెళ్లిపోయారన్నారు.

ఆ తరువాత నా దగ్గరికొచ్చిన ఏ తల్లినీ పేరు పిలిస్తే చూస్తుందా అని అడగలేదు. ఇంట్లో ఏమని పిలుస్తారో కనుక్కుని, అదే పిలుపుతో పిలిపించి చూసేదాన్ని. జబ్బును ఆలస్యంగా గుర్తిస్తే పోయేది కాలమొక్కటే కాదని, ఆ కాలం ఎవరి మూలంగా పోయిందో చూపించడానికి ఒక మనిషిని వెతుకుతారని, ఎప్పుడూ తల్లే దొరుకుతుందని తెలుసుకున్నాను. తల్లులను నిందించిన ఆ సిద్ధాంతం తప్పని తరువాత వైద్యులే ఒప్పుకున్నారు. యాదమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.