అంచు నునుపుగా ఉందన్నాను

మొన్న పాత స్నేహితుడొకాయన ఫోనులో ఒక వెండి నాణెం అంచు ఫొటో పంపి, ఇది అసలుదా నకిలీదా ఒక్కమాటలో చెప్పవయ్యా అని అడిగాడు. నాలుగు రోజులైంది, ఆ ఒక్కమాట నా చేత కాలేదు. పాత నాణేల పిచ్చి మన ఈడువాళ్ళకి కొత్త కాదు గనక, నా భయం ఎక్కడిదో మీకైనా చెప్పుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి, నెల్లితోపులో ఒక తెలుగువాళ్ళ మేడమీది గదిలో అద్దెకు దిగాను. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు, చదవడం మాత్రం ఎవరికీ రాదు. ఇంటిపెద్ద అవ్వ, ఆమెకు ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలిని నేను అక్కా అనేవాణ్ణి. నాకు జ్వరమొస్తే మిరియాల రసం కాచి పైకి పంపే మనిషి. నాకేమో ఆదివారం సంతలో ఫ్రెంచివాళ్ళ కాలం నాటి నాణేలు వెతుక్కోవడం, వాటి అంచున ఉన్న అక్షరాలు భూతద్దంతో చదవడం పని. బొమ్మ చూసి ఎవడైనా చెప్తాడు, అంచు చూసి చెప్పేవాడే పండితుడని అప్పట్లో నాకో పొగరు.

ఒక శుక్రవారం అవ్వ నన్ను పిలిచి, పూజలో పెట్టుకునే వెండికాసు చేతిలో పెట్టింది. అది ఆమె మామగారి నాటిది. కడిగితే ఇంట్లో లక్ష్మి పోతుందని దాన్ని ఏనాడూ నీళ్ళలో ముంచరు. పొడిగుడ్డతో తుడిచి మళ్ళీ గంధం, కుంకుమ పెడతారు. దాని మీద ఒక ఫ్రెంచి రాజు బొమ్మ ఉంది. ఆ రాజు నాణేలకి అంచు చుట్టూ, దేవుడు ఫ్రాన్సుని కాపాడుగాక అన్న ఫ్రెంచి మాటలు ఉబ్బెత్తుగా ఉంటాయని నాకు తెలుసు. గోటితో రాసి చూస్తే ఏమీ తగల్లేదు. అంచు నునుపుగా ఉంది, ఇది అసలుది కాదని అందరి ముందూ చెప్పేశాను.

"అట్లయితే అసల్ది యాడికి పోయింది?" అంది అవ్వ, నన్ను కాదు, పెద్దకోడలిని చూస్తూ. పూజగది తాళంచెవి పదిహేనేళ్ళుగా అక్క కొంగునే ఉండేది మరి. "నేనెందుకు మారుస్తానత్తా" అని మాత్రం అంది అక్క. ఆ సాయంత్రానికి తాళంచెవి చిన్నకోడలి చేతికి మారింది. ఎవరూ అక్కను దొంగ అనలేదు, కానీ పుట్టింటికి బయల్దేరితే ఆమె సంచీ వైపు అందరూ ఒకసారి చూసేవారు. నేనూ అది చూస్తూనే, నిజం చెప్పినవాణ్ణి, నాకేం అనుకున్నాను.

రెండేళ్ళ తరువాత సంతలో ఒక ముసలి వ్యాపారి అదే రాజు నాణెం చూపించాడు. అక్షరాలు ఉబ్బెత్తుగా లేవు, లోపలికి గుంటలుగా ఉన్నాయి. ఆ రాజు తొలి ఏళ్ళలో రెండు రకాలూ వేశారని ఆయన చెప్పాడు. ఇంటికి పరుగెత్తుకొచ్చి, పాత డబ్బాలో పడేసిన ఆ కాసు అడిగి పుచ్చుకుని, వేడి కుంకుడు నీళ్ళలో నానేసి చీపురుపుల్లతో అంచు గీరాను. ఎన్ని శుక్రవారాల గంధమో, నూనెజిడ్డుతో రాయిలా గట్టిపడింది. అది ఊడుతుంటే అక్షరం తరువాత అక్షరం బయటపడింది. అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

అవ్వ కాసు పూజలో పెట్టి, తాళంచెవి తీసుకోమని పెద్దకోడల్ని పిలిచింది. అక్క చేయి చాపలేదు. నా వైపు తిరిగి నెమ్మదిగా, "దొంగకాసని నువ్వు చెప్పినావు, అందురూ నమ్మినారు. ఇప్పుడు మంచిదని నువ్వే చెప్తాండావు. మద్దిలో నేను చెప్పింది ఎవురన్నా విన్నారా తమ్ముడూ?" అంది. తాళంచెవి చిన్నకోడలి దగ్గరే ఉండిపోయింది.

అవ్వ పోయింది, ఆ ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. ఈ కాలపు పిల్లలు అంచుని ఫోనులో పెద్దది చేసి నాకంటే బాగా చదివేస్తున్నారు, సంతోషమే. అక్క పుదుచ్చేరి పక్కనే సేదరపేట్‌లో కూతురి దగ్గర ఉంటోంది. పోయినేడు చూడబోతే మునుపటిలాగే మర్యాద చేసింది. పొద్దువాలే వేళ కూతురు దీపం పెట్టమని పిలిస్తే, నువ్వే పెట్టమ్మా అని, పూజగది గడపకి ఇవతలే కూర్చుంది.