బస్టాండులో వదిలిన సంచి

మా తమ్ముడు పోలీసు శాఖలో, ఉగ్రవాద దాడులు జరగకుండా చూసే విభాగంలో పనిచేస్తాడు. సుచిత్ర చౌరస్తా దగ్గరున్న మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా అతనిది ఒకటే బాధ. "ఏం జరుగలేదంటే మా పని మంచిగున్నట్టా, నసీబు మంచిగున్నట్టా? ఎట్ల తెల్సుకోవాలె అక్కా?" అనేవాడు.

చివరికి ఒక పరీక్ష పెట్టాలనుకున్నారు. జనం తిరిగే చోట సంచి వదిలేసి, ఎవరైనా గమనించి చెబుతారేమో చూడాలి. బడి పంతులమ్మను కాబట్టి నన్నెవరూ అనుమానించరని ఆ పని నాకు అప్పగించాడు.

మేడ్చల్ బస్టాండులో పాత పేపర్లు కుక్కిన సంచిని బెంచీ కింద పెట్టి, చెరుకురసం బండి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మామూలు బట్టల్లో తమ్ముడూ అక్కడే ఉన్నాడు. చాలామంది సంచిని దాటుకుంటూ పోయారు. కొత్తిమీర అమ్ముకుని తన ఊరు లాల్‌గడి మలక్‌పేట్‌కు తిరిగి వెళ్తున్న ఒక అవ్వ మాత్రం ఆగింది. సంచి ఎవరిదని చుట్టూ ఉన్నవాళ్లను అడిగింది. ఎవరూ పలకకపోయేసరికి దాన్ని దగ్గరికి లాక్కుని, పక్కనే కూర్చుంది. ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. అవ్వ కదల్లేదు.

తమ్ముడు తల పట్టుకున్నాడు. అతని లెక్కలో చెప్పినవాళ్లు, పట్టించుకోనివాళ్లు మాత్రమే ఉన్నారు. కాపలా కాసినవాళ్లకు చోటే లేదు.

నేనిక ఉండలేక వెళ్లి, సంచి నాదేనన్నాను.

"ఏంది బిడ్డా, సంచి ఇడిసిపెట్టి పోతరా? ఎవలన్న ఎత్తుకపోతే?" అని కోప్పడింది అవ్వ.

తమ్ముడు ఆమె పక్కన కూర్చుని అసలు సంగతి చెప్పాడు. నిజంగా అందులో బాంబు ఉంటే ఏమయ్యేదో మెల్లగా వివరించాడు. అవ్వ కాళ్లు వెనక్కి తీసుకుంది.

"మరి ఎవలకు జెప్పాలె? నాకు ఫోను రాదు గద" అంది.

కండక్టరుకు చెప్పినా చాలన్నాడు తమ్ముడు. ఆ మాట ఇంతవరకు తమకెవరూ చెప్పలేదంది ఆమె. తమ్ముడే తన బండిలో ఆమెను ఊళ్లో దింపి వచ్చాడు.

తర్వాత బస్టాండు మైకులో ఆ మాటే, ఇక్కడి యాసలోనే చెప్పించాడు. కొన్నాళ్లకు ఈసారి తనే సంచి పెట్టి బయటికి నడిచాడు. గేటు దాటకముందే పూలమ్మే ఆవిడ కండక్టరును కేకేసింది. ఇద్దరూ కలిసి అతన్ని చుట్టుముట్టారు. గుర్తింపు కార్డు చూపించేదాకా కదలనివ్వలేదట.

అక్కడి నుంచే నాకు ఫోన్ చేశాడు. "అక్కా, నన్నే పట్టుకున్నరు" అంటూ నవ్వు ఆపుకోలేకపోయాడు.