సబ్‌సెంటర్‌లో రత్నక్కతో ఎనిమిదేళ్లు

బుధవారం పొద్దున టీకాల డబ్బా సర్దేటప్పుడు, ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను నేను వెంటనే లోపల పెట్టను. బల్ల మీద ఉంచి, పైన చెమట పట్టేదాకా ఆగి, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాను. లోపల అప్పుడే కరిగిన కాసిని నీళ్లు కదిలి చిన్న చప్పుడు చేస్తాయి. చెంపకు చల్లగా తగులుతుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా, వెనక రత్నక్క నిలబడి ఉందేమోనని తల తిప్పి చూస్తాను. ఆమె పోయి ఏడాది దాటింది. మెడకు ఆ అలవాటు ఇంకా పోలేదు.

ఆమె పూర్తి పేరు మునిరత్నమ్మ. నగరిలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టింది. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. ఏఎన్ఎం ఉద్యోగంలో చేరి, పల్లెల్లో పిల్లలకు టీకాలు వేస్తూ, గర్భిణుల ఇళ్లకు తిరుగుతూ తల నెరిసిన మనిషి. వడమాలపేట దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో, రెండు గదుల ఆరోగ్య సబ్‌సెంటర్‌లో నేను ఆమెకు తోడుగా చేరాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మొదటి రోజే, చేతికి దొరికిన ఐస్‌ప్యాక్‌ను గడ్డగా ఉన్నది ఉన్నట్టే డబ్బాలో దించబోయాను. ఆమె నా చేయి పట్టుకుని ఆపింది.

"అట్ల పెడితే గడ్డ తగిలి మందు సచ్చిపోతాది మే. ఇట్ల ఊపి సూడు. నీళ్ల సప్పుడు వినపడిందా? ఇంగ పెట్టు. ఎంత తొందరున్నా ఈ సప్పుడు వినకుండా బయలుదేరొద్దు."

తొందర ఎప్పుడూ ఉండేది. ఐదు ఊళ్లకు మేమిద్దరమే. పొద్దున టీకాలు, తర్వాత ఇంటింటి సర్వే, మధ్యలో జ్వరాల లెక్క, గర్భిణుల రక్తపరీక్షలు. చేసిన ప్రతి పనినీ ముందు రిజిస్టర్‌లో, ఆపైన ఫోన్‌లో ఎక్కించాలి. ఫోన్‌కు సిగ్నల్ మా సబ్‌సెంటర్ మేడ మీద తూర్పు మూలలో మాత్రమే దొరికేది. ఎండలో ఆ మూల నిలబడి ఒక్కో పేరూ ఎక్కిస్తుంటే సగంలో అంతా చెరిగిపోయేది. అన్నం సంగతి నాకు గుర్తుండేది కాదు. రత్నక్క మాత్రం ఒంటిగంట కాగానే తలుపు దగ్గరికి వేసి, క్యారియర్ విప్పి కూర్చునేది. బయట ఎవరైనా పిలిస్తే, "రొంత సేపు కూర్చో నాయనా, కడుపు కాలినోళ్ల సేత సూది ఏపించుకోవద్దు" అని లోపలి నుంచే చెప్పేది. వాళ్లు నవ్వుకుంటూ కూర్చునేవాళ్లు. పావుగంటలో తలుపు తెరుచుకునేది.

నేను చేరిన రెండో ఏడు, నెలవారీ సమావేశంలో ఒక అధికారి నా పేరు పిలిచి నిలబెట్టాడు. ఆ నెల నేను చూసిన గర్భిణుల పేర్లేవీ ఫోన్‌లో ఎక్కలేదు. రిజిస్టర్‌లో అన్నీ ఉన్నాయని చెప్పబోతే వినలేదు. "జీతం తీసుకోవడానికి సిగ్గుండాలి" అన్నాడు, నలభై మంది ముందు. కళ్లలో నీళ్లు ఆపుకోవడానికి నేను గోడ మీది ఫ్యాన్ స్విచ్చులు లెక్కపెడుతున్నాను. పక్కన కుర్చీ కదిలింది. రత్నక్క లేచి నిలబడింది.

"మిమ్మల్ని పిలవలేదు. కూర్చోండి" అన్నాడాయన.

"పాప కూర్చున్నాక కూర్చుంటాను సార్" అంది ఆమె. గొంతు పెంచలేదు. ఆయన మా ఇద్దరినీ కాసేపు చూసి, కూర్చోమని చేయి ఊపి, తర్వాతి పేరు పిలిచాడు. మరుసటి నెల ఆమెకు ఆ మాట అన్నందుకే నోటీసు వచ్చింది. దాన్ని మడిచి రిజిస్టర్ అట్టలో పెట్టుకుంది. ఆ సంగతి నాకు చాలా కాలం తర్వాత వేరే వాళ్లు చెబితే తెలిసింది.

అయితే నేను ఉద్యోగం మానేద్దామనుకున్నది ఆ రోజు కాదు. ఒక శనివారం నేను టీకా వేసిన మూడు నెలల పాపకు ఆ సాయంత్రం జ్వరం హెచ్చి ఫిట్స్ వచ్చింది. తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. రెండు రోజులకు పాప కోలుకుంది. కానీ సోమవారం పొద్దున పాప నాయనమ్మ సబ్‌సెంటర్‌కు వచ్చి, నా చేతిలోని రిజిస్టర్ లాగి వీధిలోకి విసిరింది. "నా మనవరాలిని సంపేదానికి వచ్చినావా నువ్వు?" అని అరిచింది. ఊరంతా చూసింది. ఆ తర్వాత నేను సిరంజి ముట్టలేదు. మధ్యాహ్నానికి రాజీనామా కాగితం రాసి రత్నక్క ముందు పెట్టాను.

ఆమె చదివింది. "సరే, ఇద్దువులే. రేపు నాతో ఒకచోటికి రా, ఆ పైన ఇద్దువు" అంది.

మర్నాడు ఆమె నన్ను ఆ ఇంటికే తీసుకుపోయింది. దగ్గరికి వచ్చేదాకా నాకు చెప్పలేదు. నా కాళ్లు వీధి మొగలోనే ఆగిపోయాయి. ఆమె నా మోచేయి పట్టుకుని నడిపించింది. నాయనమ్మ గడపలో కూర్చుని ఉంది, మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. రత్నక్క పలకరించకుండానే అరుగు మీద కూర్చుంది. నన్నూ కూర్చోబెట్టింది. లోపల పాప ఉంగా ఉంగా అంటోంది.

"రొంత నీళ్లు ఇస్తావామ్మా?" అంది రత్నక్క.

నాయనమ్మ లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది. రత్నక్క సగం తాగి నాకిచ్చింది. "బిడ్డ అట్ల కొట్టుకుంటా ఉంటే నీ పానం ఎట్ల కొట్టుకోనిండాదో నాకు తెలుసు. ఈ పిల్ల కూడా రెండు దినాలుగా అన్నం తినలే. తప్పు మందుదీ కాదు, ఈమెదీ కాదు. జొరం ఎక్కువైతే కొందరు బిడ్డలకు అట్ల వస్తాది. ఆ పొద్దే మేము వచ్చి ఈ మాట సెప్పల్సింది. రాలేదు. అది మా తప్పే" అంది.

ఆ ముసలామె లోపలికి పోయి పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పాప బరువుగా, వెచ్చగా ఉంది.

తిరిగి వస్తూ రత్నక్క, "కోపం వచ్చినోళ్ల ఇంటికి మర్నాడే పోవల్ల. వారమైతే వాళ్లూ రానీరు, మనమూ పోలేము" అంది. కాగితం సంగతి ఆమె అడగలేదు. నేనే చించేశాను.

ఇన్ని చెప్పాను గనక ఇదీ చెప్పాలి. ఒక వేసవిలో ఆమె తరచూ తల పట్టుకుని కూర్చునేది. ఒకరోజు బలవంతంగా ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టాను. పైఅంకె నూట తొంభై దాటింది.

"ఆ మిషన్‌కు బుద్ధి లేదు మే. నిన్న ఎవరికో ఇట్లే సూపించినాది. సర్వే అయిపోనీ, తిరుపతికి పోయి సూపించుకుంటాను" అని పట్టీ విప్పేసింది. సర్వే గడువు ఇంకా పది రోజులుంది. ఆమె ఆగిపోతే ఐదు ఊళ్లూ నా మీద పడతాయి. ఆ సాయంత్రం అదే మిషన్‌తో నాకు నేను చూసుకున్నాను. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. మిషన్ మంచిదేనని నాకు తెలుసు. మర్నాడు ఆమెకు మళ్లీ చెప్పలేదు.

ఆరో రోజున, ఒక పల్లెలో సర్వే చేస్తూ ఆమె పడిపోయింది. నేను పోయేసరికి ఎవరిదో అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. మూతి పక్కకు పోయింది. కుడి చేయి కదలడం లేదు. అంబులెన్స్ ఎక్కిస్తుంటే ఎడమ చేత్తో వీధి వైపు చూపిస్తూనే ఉంది. ఇంకా చూడని ఇళ్లు నాలుగు మిగిలాయని చెబుతోందని నాకొక్కదానికే అర్థమైంది.

ప్రాణం దక్కింది. మాట పోయింది. నగరిలో చెల్లెలి ఇంట్లో రెండేళ్లు బతికింది. ఆ రెండేళ్లలో నేను పోయింది మూడుసార్లు. గంటన్నర బస్సు ప్రయాణం అంతే. పోకపోవడానికి ప్రతి ఆదివారం ఏదో ఒక రిపోర్టు ఉండేది. ఆమె నోట మిగిలింది "సరి" అనే ఒక్క మాట. చివరిసారి పోయినప్పుడు గంటసేపు నేనే మాట్లాడాను. పక్కింటి మరమగ్గాల మోతలో గొంతు పెంచి, కొత్త యాప్ గురించి, నోటీసుల గురించి, ఆమె చేతుల మీద పుట్టి ఇప్పుడు బడికి పోతున్న పిల్లల గురించి చెప్పాను. అన్నింటికీ "సరి" అంది. లేచేముందు, ఎందుకో, "అక్కా, నువ్వెట్ల ఉండావు?" అని అడిగాను.

ఎనిమిదేళ్లు పక్కపక్కన పనిచేశాం. ఆ ప్రశ్న నేను ఆమెను అడగడం అదే మొదలు. దానికి ఆమె "సరి" అనలేదు. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని, కళ్లు మూసుకుంది. పట్టు చాలాసేపు వదల్లేదు. బస్సు టైమైందని నేనే మెల్లగా విడిపించుకున్నాను. వచ్చే ఆదివారం వస్తానన్నాను. మూడు వారాల తర్వాత ఆమె చెల్లెలు ఫోన్ చేసింది, ఇక నేను పోయి చూడడానికి ఆమె లేదని.

ఇప్పుడు సబ్‌సెంటర్‌లో నేనే పెద్దదాన్ని. నాకు తోడుగా భార్గవి అనే అమ్మాయి చేరింది. ఎట్ల ఉండావని అడిగితే అందరిలాగే "బాగుండానక్కా" అంటుంది. అది విని లేచిపోకుండా కూర్చోవడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మొన్న అట్లాగే కూర్చున్నాను. ఆమె ఫోన్‌లో పేర్లు ఎక్కిస్తూ చాలాసేపు తల ఎత్తలేదు. ఆ తర్వాత, "నెలనుంచీ నిద్ర పట్టడం లేదక్కా. గుండె దడదడ కొట్టుకుంటాది. ఎవరితో సెప్పుకోవాల్నో తెలీలేదు" అంది.

ఆ రోజు మాకు నలభై ఇళ్ల సర్వే ఉంది. పైఅధికారికి ఫోన్ చేసి, ఈరోజు కాదని చెప్పాను. అవతల ఏమన్నారో పూర్తిగా వినలేదు. తలుపు తాళం వేసి, భార్గవిని తీసుకుని తిరుపతి బస్సెక్కాను.